పలుకని ‘పి’

ఇంగ్లీషు బైబిలును సరిగ్గా మధ్యకు తెరిచితే కీర్తనల గ్రంథము కనబడుతుంది. ఆ పుటపైన ఉన్న పేరులో అక్షరములు లెక్కపెట్టండి: పి, ఎస్, ఎ, ఎల్, ఎమ్, ఎస్. ఆరు. నోటితో పలికేటప్పుడు మాత్రము ‘సామ్స్’ అంటాము. ముందున్న పి పలుకదు, నడుమనున్న ఎల్ కూడా పలుకదు. ఇంగ్లీషు ఆరాధనకు వెళ్ళే పిల్లలకు ఇది అలవాటైపోయింది గనుక వింతగా తోచదు. తెలుగు ఓనమాలు మాత్రమే దిద్దినవారికి ఇది నిజముగా వింతే. మనము వ్రాసినది పలుకుతాము, పలికినది వ్రాస్తాము. పాత పుస్తకములలో అరసున్న అని పలుకని గుర్తు ఒకటి ఉండేది. దానిని కూడా మెల్లమెల్లగా అచ్చులోనుండి సాగనంపివేశాము.

ఈ నెల మేము మీతో ముచ్చటించదలచినది ఈ పలుకని పి గూర్చియే, ప్రియ పాఠకులారా. పి తరువాత ఎస్, పి తరువాత ఎన్, పి తరువాత టి. ఈ మూడు జంటలతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగము ఆసుపత్రిలోనో, బైబిలు వ్యాఖ్యానములలోనో తగులుతాయి. మా ఇంట్లో ఒక నోటుబుక్కులో సగము వరకు ఇవే మాటలున్నాయి. అది ఎందుకు మొదలైనదో ముందు చెప్పాలి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణము. 2015లో మా సంఘములోని ఒక టైలరు గారి కుమార్తె నర్సింగు కోర్సులో చేరింది. ఇంటరు వరకు ఆ అమ్మాయి చదివినదంతా తెలుగు మీడియములోనే. ఫీజు కొరకు తండ్రి ఇంటి స్థలము కాగితములు తాకట్టుపెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చాడు. బట్టలు కుట్టి ఆ వడ్డీ కట్టడమే కష్టము, ఇక అసలు సంగతి చెప్పనక్కరలేదు. నాలుగు నెలలు తిరగకముందే ఆ బిడ్డ హాస్టలు నుండి పెట్టె పట్టుకొని వచ్చేసింది. ఇక వెళ్ళనన్నది.

జరిగినది ఇది. వార్డులో పిల్లలందరినీ నిలబెట్టి ఒక్కొక్కరితో కేసు షీట్లు చదివించారట. ఈమె వంతు వచ్చినప్పుడు ఆ కాగితముమీద ఒక చర్మవ్యాధి పేరు ఉన్నది. ఈమె ‘పిసోరియాసిస్’ అని చదివింది. అందరూ నవ్వారు. మరునాడు ‘పిన్యుమోనియా’ అన్నది. ఈసారి మంచాలమీది రోగులు కూడా నవ్వారు. పాఠము చెప్పేవారు అంతటితో ఊరుకోక, తెలుగు మీడియమువాళ్ళు బర్రెలు తోలుకోక ఇక్కడికెందుకు వస్తారని అన్నారట. ఆ రోజు మొదలుకొని హాస్టలులో ఆమె పేరు ‘పిసో’.

ఆమె పుట్టకముందు ఆ ఇంటిలో ఎనిమిది నెలల మగబిడ్డ నెమ్ము చేసి చనిపోయాడు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే తల్లి చేస్తున్న పని ఆపేసి కూర్చుండిపోతుంది. ఈ పిల్ల నర్సు కావాలనుకొన్నది ఆ సంగతి వింటూ పెరిగినందువలననే. నెమ్ము అంటే ఏమిటో, ఊపిరి అందక పసివాడి డొక్కలు ఎలా ఎగురుతాయో ఆమెకు తెలుసు. నెమ్మునే డాక్టర్లు న్యుమోనియా అంటారనీ తెలుసు. తెలియనిది ఒక్కటే, ఆ న్యుమోనియా పి అక్షరముతో మొదలవుతుందని. పుస్తకము వెనుక పట్టికలో ఎన్ దగ్గర వెదికి, దొరకక, కాగితముమీద ఉన్నది వేరే ఏదో జబ్బు కాబోలు అనుకొన్నది.

“నాకు అక్షరాలు రాక కాదు అయ్యగారూ. ఉన్నవి ఉన్నట్టే చదివాను. అది కూడా తప్పే అంటే ఇంక నేనేం చదవాలి?” అని అడిగింది.

పక్కన కూర్చున్న తండ్రి చదువుకొన్నవాడు కాదు. ఆయన ప్రశ్న ఇంకా సూటిగా ఉన్నది. “పలకని అక్షరాన్ని ముందెందుకు తగిలించారయ్యగారూ? కాజా లేనిచోట గుండీ కుట్టినట్టు?” అన్నాడు.

ఆ ఇద్దరికీ జవాబు చెప్పుటకే ఆ నోటుబుక్కు. వేదాంత విద్యలో డిప్లొమా చేసేటప్పుడు మేము గ్రీకు అక్షరములు నేర్చుకొన్నాము. పండితులము కాము గాని నిఘంటువు తిరగవేసుకొనేంత వచ్చు. దాదాపు మూడు వారములు, సాయంకాల ప్రార్థన ముగిసి మా ఇంటావిడ అందరికీ టీ ఇచ్చిన తరువాత, మా వరండాలో ఈ పని జరిగింది.

మొదట తేల్చుకోవలసిన సంగతి ఏమిటంటే, ఇవి పుట్టుకతో ఇంగ్లీషు మాటలు కావు. గ్రీకువి. గ్రీకు అక్షరమాలలో 24 అక్షరములున్నాయి. 23వది ‘ప్సి’, త్రిశూలము ఆకారములో ఉంటుంది. మనము ప వ్రాసి దాని క్రింద స వత్తు ఇచ్చినట్లు, వారు ఆ రెండు ధ్వనులకు కలిపి ఒకే అక్షరము పెట్టుకొన్నారు. రెంటినీ పలికేవారు కూడా. రోమీయులకు ఆ అక్షరము లేదు గనుక లాటినులో పి, ఎస్ అని రెండుగా విడదీసి వ్రాశారు. ఆ వ్రాత అక్కడినుండి ఇంగ్లీషులోనికి వచ్చింది. ఇంగ్లీషువారి నోటికి మాట చివర ఆ జంట కష్టము కాదు. ‘కప్స్’, ‘లిప్స్’ అని రోజూ అంటూనే ఉంటారు. మాట మొదట వస్తే మాత్రము నాలుక తిరుగదు. అందుచేత పి అక్షరమును కాగితముమీద ఉంచుకొని నోటిలోనుండి తీసివేశారు.

జర్మనులు తీసివేయలేదు. ఫ్రెంచివారు కూడా తీసివేయలేదు. జర్మను దేవాలయములో కీర్తన చదివేటప్పుడు ‘ప్సాల్మ్’ అనే అంటారు, పి స్పష్టముగా వినబడుతుంది. ఇక మన తెలుగు నోటికైతే ఇది బరువే కాదు. జుగుప్సలో ‘ప్స’ ఉన్నది, స్వప్నములో ‘ప్న’ ఉన్నది, తృప్తిలో ‘ప్త’ ఉన్నది. (స్వప్నము అను మాటకు గ్రీకులో ఒక చుట్టము కూడా ఉన్నది. ‘హుప్నోస్’, అనగా నిద్ర. హిప్నటిజము అను మాట దానినుండి వచ్చినదే.) ఆ బిడ్డ పలుకులో మధ్యన దూరిన ఇకారము ఒక్కటి తీసివేస్తే, పాతకాలపు గ్రీకు వైద్యుడు ఆమె చదివినది విని తల ఊపి ఉండేవాడు. నవ్వినవారు చదివిన తీరే ఆయనకు అర్థము కాకపోయేది.

ఈ మాట చెప్పినప్పుడు ఆమె మొదటిసారి పెన్ను తీసుకొన్నది. నోటుబుక్కులో మొదటి పుట ఆమె చేతివ్రాతయే.

కీర్తనలతోనే ఆరంభించాము, అది ఆమెకు తెలిసిన పుస్తకము గనుక. గ్రీకులో ‘ప్సల్లో’ అను క్రియకు మొదటి అర్థము లాగి విడుచుట, తంతిని మీటుట. తంతివాద్యముతో కలిపి పాడే పాట ‘ప్సల్మోస్’. అనగా ఆ పేరులో పాటకంటె ముందు వేలు ఉన్నది, తీగ ఉన్నది. హెబ్రీయుల బైబిలులో ఆ గ్రంథమునకు పేరు ‘తెహిల్లీము’, స్తోత్రములని అర్థము. మన తెలుగు అనువాదకులు కీర్తనలన్నారు, తమిళులు సంగీతమన్నారు. ఒకే 150 పాటలకు ఒక్కొక్కరు ఒక్కొక్క వైపునుండి పేరు పెట్టారు. ఇంకొక సంగతి వినండి. వెయ్యి సంవత్సరముల క్రిందటి ఇంగ్లీషులో ఈ మాటను పి లేకుండా కూడా వ్రాసేవారు. ఆ కాలపు సన్యాసులు విన్నది విన్నట్లే వ్రాసుకొన్నారు. పి తిరిగి వచ్చి స్థిరపడినది లాటిను పుస్తకముల గౌరవము చేత.

తరువాతి మాట ‘ప్సుఖే’. సైకాలజీ, సైకియాట్రీ అను మాటలకు మూలము ఇదే. ఊపిరి, ప్రాణము, జీవము అని అర్థములు. సీతాకోకచిలుకను కూడా గ్రీకులు ఇదే పేరుతో పిలిచారు. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక చివరి అధ్యాయములో ఆత్మ, జీవము, శరీరము అని మూటిని వేరువేరుగా చెప్పిన చోట, మన తెలుగులో జీవము అని ఉన్నది ఈ ప్సుఖేయే. సైకియాట్రీ అను మాటను 1808లో యోహాన్ క్రిస్టియాన్ రైల్ అను జర్మను వైద్యుడు కూర్చాడు. దాని రెండవ సగములో ఉన్నది ‘ఇయాట్రోస్’, వైద్యుడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో లూకాను వైద్యుడన్నప్పుడు ఆ మాటే వాడబడింది. పిల్లల ఆసుపత్రి గోడమీద ‘పీడియాట్రిక్స్’ అని ఉండేదానిలో కూడా ఆ ఇయాట్రోస్ ఉన్నాడు. మనస్సుకు జబ్బు చేసినప్పుడు డాక్టరు దగ్గరకు పోవుట అవిశ్వాసమని తలంచేవారు మన మధ్య ఇప్పటికీ లేకపోలేదు. కాళ్ళు విరిగితే పోతారు, దీనికి మాత్రము పోరు. ఆ పేరులోనే ప్రాణమూ వైద్యుడూ పక్కపక్కన కూర్చున్నారని వారికి ఎవరైనా చెప్పాలి.

‘సూడో’ సంగతి తేలిక. అబద్ధమని అర్థము. మత్తయి 7వ అధ్యాయములో గొఱ్ఱెచర్మము కప్పుకొని వచ్చే అబద్ధ ప్రవక్తలకు గ్రీకులో ముందు చేరిన మాట ఇదే. నర్సులకు ఇది ఔషధముల పేర్లలోను, క్రిముల పేర్లలోను తగులుతుంది.

సోరియాసిస్‌కు మూలమైన ‘ప్సోరా’ అంటే దురద. ఆ ఒక్క మాట తెలిసిన తరువాత ఆమెకు ఆ జబ్బు పేరు మరి ఎన్నడు తడబడలేదు. అది అంటుకొనే జబ్బు కాదని మా పుస్తకములో ఆమెయే పక్కన వ్రాసింది. సోరియాసిస్ ఉన్న మనిషి పక్కన బల్లమీద కూర్చోవడానికి వెనుకాడేవారు ఏ సంఘములోనైనా ఒకరిద్దరు ఉంటారు గనుక ఆ మాట ఇక్కడ కూడా వ్రాయుచున్నాము. ‘సిట్టకోసిస్’ అని మరొకటి, చిలుకలనుండి మనుష్యులకు వచ్చే జ్వరము. ‘ప్సిట్టకోస్’ అంటే చిలుక.

మాకు అన్నిటికంటె ఇష్టమైనది ‘ప్సేఫోస్’. గులకరాయి అని అర్థము. ప్రాచీన గ్రీకులు తీర్పులోనూ ఎన్నికలోనూ గులకరాళ్ళు వేసి తమ సమ్మతి తెలిపేవారు. ఆ రాయి పేరే వోటుకు పేరయ్యింది. అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయములో, పరిశుద్ధులను చంపునప్పుడు తాను కూడా సమ్మతించినట్లు పౌలు అగ్రిప్ప రాజు ఎదుట ఒప్పుకొన్నాడు గదా, మూలములో అక్కడ ఉన్నది తన ప్సేఫోస్ వేశానని. ప్రకటన గ్రంథము 2వ అధ్యాయములో జయించువానికి ఇచ్చే తెల్లరాయి కూడా ప్సేఫోసే. ఒకే మాట, ఒకచోట మరణమునకు వేసిన రాయి, ఒకచోట బహుమానముగా పొందే రాయి. ఎన్నికల లెక్కలు శాస్త్రముగా చూచువారికి ఒక పేరు కావాలని ఇంగ్లండులో ఆర్.బి. మెక్‌కలమ్ అను చరిత్రకారుడు అడుగగా, ఆయన స్నేహితుడు హార్డీ 1948లో ఈ గులకరాయినే తీసి ‘సెఫాలజీ’ అని కూర్చి ఇచ్చాడు. 1952లో అది అచ్చులోనికి వచ్చింది. ఇప్పుడు ఎన్నికలు వస్తే మన టీవీలలో ఆ మాట వినని రాత్రి ఉండదు.

గులకరాళ్ళతో లెక్కకూడా పెట్టేవారు. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొంటాడని లూకా 14లో ఉన్నచోట క్రియ ఈ రాయినుండి పుట్టినదే. లాటినువారికి గులకరాయి ‘కాల్క్యులస్’. కాల్క్యులేటరు దాని మనుమడు. మూత్రపిండములో రాయిని కూడా డాక్టర్లు కాల్క్యులస్ అనే వ్రాస్తారు. ఇది విని ఆ బిడ్డ, “ఈ ముక్క కేసు షీటులో చూశాను, లెక్కల సబ్జెక్టు పేరు ఇక్కడెందుకుందా అనుకున్నా” అన్నది.

ఇక పి తరువాత ఎన్. ఇక్కడ గ్రీకులు ఒక అక్షరము కాదు, రెండు వ్రాసి రెండూ పలికేవారు. ‘ప్నెయో’ అంటే వీచుట, ఊపిరి విడుచుట. దానినుండి ‘ప్నెవ్మా’, గాలి, ఊపిరి, ఆత్మ. నీకొదేముతో మన ప్రభువు మాటలాడిన యోహాను 3వ అధ్యాయములో గాలి ఎటు వీచునో తెలియదన్న చోటా, ఆత్మమూలముగా జన్మించుటను గూర్చి చెప్పిన చోటా ఉన్నది ఒకే ప్నెవ్మా. తెలుగులో మనకు రెండు మాటలు కావలసివచ్చాయి. హెబ్రీ భాషలో ‘రూఅహ్’ కూడా ఇదేవిధముగా మూడు పనులు చేస్తుంది. సంస్కృతములో ఆత్మ అను మాటకు సైతము మొదట ఊపిరి అను అర్థమే ఉన్నదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎక్కడెక్కడి మనుష్యులో, ఒకరినొకరు చూడనివారు, కనబడని దానికి పేరు పెట్టవలసివచ్చినప్పుడు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూచుకొన్నారు.

గాలి నింపిన టైరును ‘న్యుమాటిక్’ టైరు అంటారు. 1845లోనే థామ్సన్ అను ఆయన దానికి పేటెంటు తీసుకొన్నా అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండి కుదుపులు లేకుండా పోవాలని రబ్బరు గొట్టములో గాలి నింపి బిగించాడు. మన సైకిలు షాపులో పంపు కొట్టించుకొనేది ఆ ప్నెవ్మానే.

ఊపిరితిత్తికి గ్రీకు పేరు ‘ప్నెవ్మోన్’. దానికి వచ్చే జబ్బు న్యుమోనియా. అంటే మన నెమ్ము. ఆ రోజు వరండాలో ఎవరూ మాటలాడలేదు. తండ్రి మాత్రము, “మావాడికి వచ్చింది ఇదా” అని నెమ్మదిగా అడిగి, ఆమె వ్రాసిన అక్షరములను కాసేపు చూశాడు. ఐదేండ్లలోపు పిల్లలను బలిగొనే అంటువ్యాధులలో ప్రపంచమంతటా న్యుమోనియాదే ముందు స్థానము. దానికి ముఖ్య కారణమైన ఒక క్రిమికి విరుగుడుగా టీకా ఉన్నది. మన దేశములో 2017లో కొన్ని రాష్ట్రములలో ప్రభుత్వము ఉచితముగా వేయుట ఆరంభించి, 2021లో దేశమంతటికీ విస్తరింపజేసింది. దాని పేరు కూడా న్యుమోకాకల్ అని ఇదే పి అక్షరముతోనే మొదలవుతుంది. పసిబిడ్డలున్న తల్లులు టీకా కార్డులో చూచుకోండి.

ఇంగ్లీషు నిఘంటువులలో అతి పొడవైన మాటగా చూపబడేది కూడా ఈ వంశములోనిదే. న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కానోకోనియోసిస్. ఇంగ్లీషులో 45 అక్షరములు. అమెరికాలో పదప్రహేళికల సంఘమునకు అధ్యక్షుడైన ఎవరెట్ స్మిత్ 1935లో కేవలము పొడవు కొరకే దానిని అల్లాడు. దానికి అసలు పేరు సిలికోసిస్, రాతిపొడి ఊపిరితిత్తులలో చేరితే వచ్చే జబ్బు. రాళ్ళు కొట్టి బ్రతికేవారికి వస్తుంది. వారికి చిన్న పేరుతోనే సరిపడినంత బాధ ఉన్నది, పెద్ద పేరు విద్యావంతుల వినోదమునకు.

ఇంకొక సంగతి ఆ అమ్మాయే కనిపెట్టింది. “అయ్యగారూ, ‘ఆప్నియా’లో పి పలుకుతారు కదా?” అన్నది. నిజమే. ఊపిరి ఆగిపోవుట ఆప్నియా, ఊపిరి కష్టమగుట ‘డిస్ప్నియా’. మాట మొదటినుండి నడుమకు జరిగేసరికి, ముందు ఒక అచ్చు తోడుదొరకగానే, ఆ పి మేల్కొంటుంది. పోస్టుమార్టము పరీక్షకు ‘ఆటాప్సీ’ అంటారు, అక్కడ కూడా పలుకుతారు. తన కన్నులతో చూచుట అని దాని అర్థము. లూకా తన సువార్త మొదటి వచనములలో కన్నులార చూచినవారిని గూర్చి చెప్పుటకు ‘ఆవ్టోప్టాయ్’ అన్నాడు, అదీ ఈ ఇంటిదే.

హెలికాప్టరు కూడా ఇట్లే. మనము హెలి, కాప్టరు అని విరుస్తాము. అసలు విరుపు అక్కడ కాదు. ‘హెలికో’ అంటే మెలితిరిగిన, ‘ప్టెరోన్’ అంటే రెక్క. 1861లో ఫ్రాన్సులో గుస్తావ్ ద పొంతోన్ దామెకూర్ అను ఆయన ఈ రెంటినీ అతికించాడు. ఆ రెక్కే మాట మొదట వస్తే పి నోరు మూసుకొంటుంది: ‘టెరోడాక్టిల్’, రెక్కవ్రేలు, ఏనాడో నశించిన ఎగిరే సరీసృపము. ఎండలో దుమ్ములో పనిచేసేవారికి కంటి తెల్లగుడ్డుమీద రెక్క ఆకారములో కండ పెరుగుతుంది చూచారా, దానిని కంటి డాక్టర్లు ‘టెరీజియం’ అంటారు. చిన్న రెక్క. శోధకుడు యేసును నిలువబెట్టిన దేవాలయ శిఖరమునకు మత్తయి 4వ అధ్యాయములో వాడిన గ్రీకు మాట సరిగ్గా ఇదే. గుడికి ఒక రెక్క ఉన్నట్లు.

ఈ ప్టెరోన్‌కు మన ఇంటిలోనే బంధువులున్నారు. సంస్కృతములో పత్రమంటే ఆకు మాత్రమే కాదు, రెక్క కూడా. రెండూ ఎగురుట, పడుట అను అర్థములుగల ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టినవి. మీ చేతిలో ఉన్న ఈ పత్రిక ఆ కుటుంబములోనిదే. కనురెప్ప వ్రాలిపోవు జబ్బు ‘టోసిస్’, పి ముందు ఉన్నది గాని పలుకదు. పడిపోవుట అని అర్థము. మన పతనము దానికి తోబుట్టువు. ఇసుకమీద కట్టిన ఇల్లు కూలినప్పుడు ఆ పాటు గొప్పదని ప్రభువు చెప్పిన చోట గ్రీకులో ఉన్నది ఈ టోసిసే. డాక్టరు రోగలక్షణమును ‘సింప్టమ్’ అంటాడు. కూడా పడునది, జబ్బుతోపాటు వచ్చి మీద పడునది. ఇక్కడ పి నడుమ ఉన్నది గనుక వినబడుతుంది.

మూడు వారములైన తరువాత ఆ అమ్మాయి తిరిగి వెళ్ళింది. హాజరు తక్కువైనదని జరిమానా కట్టవలసివచ్చింది. తల్లి చెవి కమ్మలు అమ్మారు. హాస్టలులో పేరు పెట్టినవారు ఆ పేరుతోనే పిలిచారు, అదేమీ మారలేదు. ఆమె మాత్రము మానలేదు. ఒకనాడు పరీక్షలో కొత్త మాట తగిలితే, ముందు పి చూచి, తరువాత దాని తరువాత ఏమున్నదో చూచి, ఊపిరా రెక్కా రాయా అని ఊహించి వ్రాశానని ఫోనులో చెప్పింది. కోర్సు ముగించి గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేరింది. 2021లో కరోనా రెండవసారి వచ్చినప్పుడు ఆక్సిజను వార్డులో ఉన్నది. ఆ రెండు నెలలు ఇంటికి ఫోను చేయుటకు కూడా తీరిక దొరకలేదు. అప్పు తీరుటకు ఇంకొక సంవత్సరము పట్టింది.

నోటుబుక్కు మా దగ్గరే ఉండిపోయింది. అప్పుడప్పుడు అందులో ఒక మాట చేరుస్తుంటాము. వాటిలో ‘టార్మిగన్’ అని ఒక పక్షి ఉన్నది. స్కాట్లాండు చలి కొండలమీద ఉంటుంది, శీతకాలములో ఈకలు తెల్లబడతాయి. దాని పేరు గేలిక్ భాషలోనిది, ‘టార్మఖన్’. అందులో పి లేదు, ఎన్నడూ లేదు. 17వ శతాబ్దములో విద్యావంతులు దానిని చూచి, రెక్కలున్నది గనుక గ్రీకు ప్టెరోన్ అయి ఉంటుందని భ్రమించి ముందు ఒక పి తగిలించారు. అది నేటికీ అలాగే ఉన్నది. ఎవరూ తీయలేదు. టైలరు గారు అడిగిన గుండీ అసలు ఇదే, కాజా లేని గుండీ.

‘రిసీట్’ అను మాటలోని పి కూడా ఆ బాపతే. లాటినులో ‘రెకెప్టా’ ఉన్నది గనుక మాటను ఆ పోలికకు తెద్దామని పండితులు పి చొప్పించారు. దాని తోబుట్టువులైన ‘డిసీట్’, ‘కన్‌సీట్’ అను మాటలకు మాత్రము చొప్పించుట నిలువలేదు. మనము ఆ గొడవ లేకుండా పారసీకమునుండి వచ్చిన రసీదు అను మాటతో కానుకల పుస్తకము వెళ్ళదీసుకొంటున్నాము.

చివరిగా ‘కోర్’. మన కాలేజీ పిల్లలు చేరే ఎన్.సి.సి.లోని చివరి సి ఇదే. శరీరమను అర్థముగల లాటిను ‘కోర్పుస్’ నుండి ఫ్రెంచి మీదుగా వచ్చింది. సి, ఓ, ఆర్, పి, ఎస్ అని వ్రాసి చివరి రెండూ వదిలివేస్తారు. 2010 ఫిబ్రవరిలో వాషింగ్టనులో జాతీయ ప్రార్థనా విందు జరిగింది. హైతీ భూకంపము అప్పటికి కొన్ని వారముల క్రిందటిదే. అక్కడి బాధితులకు సహాయము చేసిన నౌకాదళ వైద్య సహాయకుని ఒకనిని గూర్చి అధ్యక్షుడు బరాక్ ఒబామా తన ప్రసంగములో చెప్పాడు. అట్టివారిని ‘కోర్‌మన్’ అంటారు. హార్వర్డులో న్యాయశాస్త్రము చదివిన ఆయన, ఉన్న అక్షరములు ఉన్నట్లు, పి తోను ఎస్ తోను కలిపి ‘కార్ప్స్‌మన్’ అన్నాడు. ఒకసారి కాదు. ఆ పలుకు శవమనే మాటలాగా ఉంటుంది గనుక పత్రికలవారు చాలా దినములు దానిమీద వ్రాశారు.

ఈ సంగతి టైలరు గారికి చెప్పినప్పుడు ఆయన మిషను ఆపి, దారము తెంపుకొంటూ అడిగాడు.

“ఆయన్ని కూడా బర్రెలు తోలుకొమ్మన్నారా అయ్యగారూ?”